పారకు పన్ను లేదు, గడ్డపారకు ఉంది!
చేతి పనిముట్ల నెంబర్లు, దిగుమతి సుంకం - చిన్న రైతు తెలుసుకోవాల్సిన సంగతులు

తొలకరికి ముందు పనిముట్ల దుకాణం మెట్లెక్కని రైతు ఉండడు. పార, కొడవలి, గొడ్డలి, తొలిక, కొమ్మలు కత్తిరించే కత్తెర... ఏదో ఒకటి కొనక తప్పదు. ఒకప్పుడు ఇవన్నీ ఊరి కమ్మరి కొలిమిలోనే తయారయ్యేవి. ఇప్పుడు దుకాణంలో జలంధర్, లూధియానా సరుకు పక్కనే విదేశాల నుంచి ఓడల్లో వచ్చిన సరుకు కూడా కనిపిస్తోంది. ముఖ్యంగా పండ్లతోటల రైతులు వాడే కత్తెరలు, రంపాలు, చాకుల్లో దిగుమతి సరుకు ఉంటుంది.

దుకాణదారు బిల్లు రాసేటప్పుడు చాలాచోట్ల వస్తువు పేరు పక్కన ఒక నెంబరు వేస్తాడు. 8201 అనో, 8205 అనో, 8211 అనో ఉంటుంది. మనం ధర చూస్తాం, నెంబరు చూడం. అయితే ఆ వస్తువు మీద పన్ను ఉందా లేదా, ఉంటే ఎంత అన్నది తేల్చేది ఆ నెంబరే. రేవులో దిగుమతి సుంకం వేసేటప్పుడూ అదే నెంబరు చూస్తారు, దుకాణంలో జి.ఎస్.టి. వేసేటప్పుడూ అదే చూస్తారు. ఒక్క అంకె తేడా పడితే నూటికి పద్దెనిమిది రూపాయల తేడా రావచ్చు.

ఈ నెంబరు ఎక్కడిది?

ఒక్కో దేశం ఒక్కో పేరుతో వస్తువును పిలుస్తుంది. వ్యాపారానికి ఇది ఇబ్బంది. అందుకని ప్రపంచంలోని సరుకులన్నిటికీ ఒకే పట్టిక ఉండాలని 1983 జూన్ 14న బ్రస్సెల్స్‌లో ఒప్పందం కుదిరింది. 1988 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. దాన్నే హెచ్.ఎస్. పద్ధతి అంటారు. మన బిల్లుల్లో హెచ్.ఎస్.ఎన్. అని రాసేది దీన్నే. కొన్నేళ్లకోసారి దీన్ని సవరిస్తారు. ఇప్పుడున్నది 2022 నుంచి అమలైన పట్టిక.

ఈ పట్టికను అధ్యాయాలుగా విడదీశారు. మొదటి రెండంకెలు అధ్యాయాన్ని చెబుతాయి. నాలుగంకెలు కలిస్తే ఒక పద్దు. ఆరంకెలైతే ఉపపద్దు. ఆరంకెల వరకు అన్ని దేశాలకూ ఒకటే. ఆ తర్వాత ఏ దేశం అవసరాన్ని బట్టి ఆ దేశం అంకెలు కలుపుకుంటుంది. మన దేశంలో మొత్తం ఎనిమిది అంకెలు వాడతారు. మన సుంకాల పట్టిక 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం కింద నడుస్తోంది.

ఇనుము, ఉక్కు వంటి లోహాలతో చేసిన చేతి పనిముట్లు, కత్తులు 82వ అధ్యాయంలో ఉంటాయి. అందులో మొదటి పద్దు 8201. ఇదే రైతు పద్దు అనుకోవచ్చు.

8201లో ఏమేం ఉన్నాయి?

వ్యవసాయం, తోటల పెంపకం, అడవి పనుల్లో వాడే రకం చేతి పనిముట్లు ఈ పద్దులోకి వస్తాయి. ఉపపద్దులు ఇలా ఉంటాయి:

8201 10 - తిన్నని పారలు (స్పేడ్, షవల్).
8201 30 - పికాసులు, తవ్వే పారలు, కలుపు తీసే పనిముట్లు, పళ్ల పారలు.
8201 40 - గొడ్డళ్లు, మచ్చుకత్తులు, బాడిస వంటి నరికే పనిముట్లు.
8201 50 - ఒక చేత్తో వాడే కొమ్మల కత్తెర (సికేచర్).
8201 60 - రెండు చేతులతో పట్టుకుని కత్తిరించే పెద్ద కత్తెరలు.
8201 90 - కొడవళ్లు మొదలైన మిగతావి.

ఇక్కడ మన పార గురించి ఒక మాట. తెలుగులో అన్నిటినీ పార అనే అంటాం. పట్టిక మాత్రం అలా చూడదు. పిడికి వరసలో రేకు తిన్నగా ఉండి, కాలితో తొక్కి మట్టి ఎత్తేది అయితే 8201 10. పిడికి అడ్డంగా, మన వైపు వంగిన రేకు ఉండి, ఎత్తి కొట్టి లాగే పార అయితే దాన్ని ఇంగ్లీషులో హో అంటారు, అది 8201 30. అంటే పేరును బట్టి కాదు, రూపాన్ని బట్టీ, పనిచేసే తీరును బట్టీ నెంబరు వస్తుంది. అదృష్టవశాత్తూ రెండూ 8201 లోపలే ఉన్నాయి.

పక్కనే ఉన్నా బయటపడేవి

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రైతు రోజూ వాడేవే అయినా కొన్ని పనిముట్లు 8201లోకి రావు.

గడ్డపార: గునపం, పలుగు, గడ్డపార - ఏ ప్రాంతంలో ఏ పేరుతో పిలిచినా ఒకటే. గుంత తవ్వాలన్నా, రాయి లేపాలన్నా ఇదే కావాలి. కానీ పట్టికలో దీన్ని 'మరెక్కడా చెప్పని చేతి పనిముట్లు' అనే 8205 పద్దులో వేస్తారు. అమెరికా సుంకాల పట్టికలో కూడా గడ్డపారకు 8205 కిందనే చోటిచ్చారు. పికాసేమో 8201, గడ్డపారేమో 8205!

సుత్తి: ఇదీ 8205లోనే.

రంపం: కొమ్మలు కోసే చేతి రంపమైనా, దుంగలు కోసే చేతి రంపమైనా 8202.

ఆకురాయి: కొడవలి పళ్లకు పదును పెట్టే ఆకురాయి 8203. చేత్తో నూరే సానరాయి అయితే అసలు ఈ అధ్యాయమే కాదు, 6804.

అంట్లు కట్టే చాకు: కడియం నర్సరీల నుంచి మామిడి, నిమ్మ తోటల దాకా చాకు లేనిదే అంటు లేదు. కొమ్మలు కత్తిరించే చాకులను 8211 పద్దులో పేరు పెట్టి మరీ చేర్చారు. అంట్లు కట్టే చాకూ అందులోకే వెళుతుంది. వంటింటి కత్తి ఉన్న పద్దూ అదే.

పిడి: ఇనుప రేకు లేకుండా కర్ర పిడి ఒక్కటే దిగుమతి అయితే 4417. అదే పిడి లేకుండా రేకు ఒక్కటే వస్తే మాత్రం అది 8201లోనే ఉంటుంది. ఎందుకంటే పిడి లేకపోయినా అది పారేనని చూడగానే తెలుస్తుంది.

మందుకొట్టే పంపు: భుజాన వేసుకుని చేత్తో కొట్టేదైనా 84వ అధ్యాయంలో 8424.

నాగలి: ఎడ్లు లాగినా, ట్రాక్టరు లాగినా 8432.

ఒక్క కొడవలి సంగతే తీసుకోండి. కొడవలి 8201, దాని పదునుకు వాడే ఆకురాయి 8203, సానరాయి 6804, విరిగితే మార్చే కర్ర పిడి 4417. ఒకే రైతు, ఒకే పని. నెంబర్లు మాత్రం నాలుగు.

అధికారి ఏం చూస్తాడు?

'నేను రైతును, పొలంలో వాడుకుంటాను, కనుక ఇది వ్యవసాయ పనిముట్టే' అనుకుంటాం. పట్టికకు ఆ లెక్క లేదు. ఎవరు వాడతారన్నది కాదు, అది ఏ రకం వస్తువు అన్నదే ముఖ్యం. తాపీమేస్త్రీ ఇసుక ఎత్తినా పార 8201లోనే ఉంటుంది. రైతు మేకు కొట్టినా సుత్తి 8205లోనే ఉంటుంది.

కస్టమ్స్ వారు ముఖ్యంగా మూడు సంగతులు చూస్తారు.

మొదటిది, పని చేసే భాగం దేనితో చేశారు? అంచు గానీ, రేకు గానీ లోహంతో ఉంటేనే 82వ అధ్యాయం. మొత్తం కర్రతో చేసిందైతే 44వ అధ్యాయానికి, ప్లాస్టిక్ పారైతే 39వ అధ్యాయానికి వెళుతుంది.

రెండవది, ఏ బలంతో పనిచేస్తుంది? చేతి బలంతో కొమ్మ కత్తిరించే సికేచర్ 8201. అదే కత్తెరకు లోపల మోటారు పెట్టి, బ్యాటరీతో నడిచేలా చేస్తే అది 8467. చేతి రంపం 8202, పెట్రోలుతో నడిచే గొలుసు రంపం 8467. చూడడానికి ఒకేలా ఉన్నా మోటారు ఉంటే చేతి పనిముట్ల అధ్యాయం దాటి యంత్రాల అధ్యాయంలోకి పోయినట్టే.

మూడవది, రెండు పనులు చేసే వస్తువైతే ఏది దాని అసలు గుణం? ఒక పక్క తవ్వే రేకు, మరో పక్క కోసే రంపం ఉందనుకోండి. ప్రధానమైన భాగాన్ని బట్టి నెంబరు ఇస్తారు. అదీ తేలకపోతే, పోటీలో ఉన్న పద్దుల్లో పట్టికలో చివర వచ్చేదాన్ని తీసుకుంటారు.

విశాఖపట్నం రేవులో దిగినా, మరెక్కడ దిగినా, దిగుమతిదారు బిల్ ఆఫ్ ఎంట్రీ అనే పత్రంలో నెంబరు, విలువ తానే రాసి ఇవ్వాలి. 2011 నుంచి ఈ బాధ్యత దిగుమతిదారుదే. అధికారి దాన్ని తనిఖీ చేస్తాడు. తప్పని తేలితే తక్కువ పడిన సుంకాన్ని వడ్డీతో కట్టాలి. మామూలు పొరపాటైతే రెండేళ్ల లోపు, కావాలని దాచితే ఐదేళ్ల వరకు నోటీసు ఇవ్వవచ్చు. ముందే అనుమానం ఉంటే 'ఈ వస్తువు ఏ పద్దు?' అని అడిగి ముందస్తు తీర్పు తెచ్చుకునే ఏర్పాటూ ఉంది. ఉత్పత్తిదారుల సంఘాలు కలిసి విదేశీ కత్తెరలు తెప్పించుకోవాలనుకుంటే ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

డబ్బు లెక్క

ఇప్పుడు లెక్క చూద్దాం. రేవుకు చేరేసరికి ఒక పార విలువ, రవాణా, బీమాతో కలిపి 100 రూపాయలు అనుకుందాం. మూల సుంకం నూటికి 10 చొప్పున 10 రూపాయలు. ఆ సుంకం మీద మళ్లీ నూటికి 10 చొప్పున సామాజిక సంక్షేమ సర్‌చార్జి, అంటే ఒక రూపాయి. ఈ సర్‌చార్జి 2018లో వచ్చింది. మొత్తం 11 రూపాయలు. కొన్ని దేశాలతో ఒప్పందాలు ఉన్నచోట మూలదేశ ధ్రువపత్రం చూపితే సుంకం తగ్గవచ్చు.

దీని తర్వాత జి.ఎస్.టి. ఉంటుంది. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పటి నుంచి 8201లోని చేతి వ్యవసాయ పనిముట్లకు పన్ను లేదు. దిగుమతి సరుకైనా, మన దేశంలో చేసిందైనా ఇదే వర్తిస్తుంది. కాబట్టి పార 111 రూపాయల దగ్గర ఆగుతుంది. గడ్డపార ఉన్న 8205కు మాత్రం జి.ఎస్.టి. 18 శాతం. చాకులున్న 8211కు మొదట 12 శాతం ఉండేది, 2022 జులై 18 నుంచి 18 శాతం చేశారు. కత్తెరతో కొమ్మ కోస్తే పన్ను లేదు, చాకుతో అంటు కడితే ఉంది!

ఇంకో విచిత్రం ఉంది. 8201కి ఇచ్చిన మినహాయింపులో గమేళా, అంటే మట్టి మోసే ఇనుప తట్ట రాదని విడిగా రాశారు. మట్టి తవ్వే పారకు పన్ను లేదు, ఆ మట్టినే మోసే తట్టకు ఉంది.

నాగలి, గుంటక వంటివి ఉన్న 8432 పద్దుకు 12 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 5 శాతానికి తగ్గించారు. అంటే రేట్లు మారుతుంటాయి. బడ్జెట్ తర్వాత, జి.ఎస్.టి. కౌన్సిల్ సమావేశం తర్వాత ఒకసారి కనుక్కోవడం మంచిది. రేట్లు మారినా నెంబరు మాత్రం అంత త్వరగా మారదు. నెంబరు తెలిస్తే రేటు కనుక్కోవడం తేలిక.

కమ్మరికి దక్కేదెంత?

దిగుమతి పారపై 11 రూపాయలు వేస్తున్నారు కదా, మన తయారీదారుకు ఆ మేరకు రక్షణ ఉన్నట్టే అనిపిస్తుంది. కాస్త లోతుకు వెళితే సంగతి వేరు.

పారకు పన్ను లేదు గానీ, పార చేసే ఉక్కుకు 18 శాతం జి.ఎస్.టి. ఉంది. పన్ను వేసి అమ్మే వస్తువైతే, ముడిసరుకుపై కట్టిన పన్నును తయారీదారు తన పన్నులోంచి మినహాయించుకోవచ్చు. పన్నే లేని వస్తువు చేస్తే ఆ వీలు లేదు. ఉక్కుపై కట్టిన పన్ను అతని నెత్తిమీదే ఉండిపోతుంది, చివరకు పార ధరలో కలుస్తుంది. అంటే మనం పన్ను లేదనుకుని కొంటున్న పారలో కూడా ఉక్కు పన్ను దాగి ఉంది.

ఉదాహరణకు 100 రూపాయల పారలో 50 రూపాయల ఉక్కు పట్టిందనుకోండి. దానిపై పన్ను 9 రూపాయలు. అటు చూస్తే, చాలా దేశాలు ఎగుమతి చేసే సరుకుపై తమ పన్నును తయారీదారుకు తిరిగి ఇచ్చేస్తాయి. ఆ లెక్కన విదేశీ పారపై భారం 11, మన పారపై భారం 9. పైకి 11 రూపాయల గట్టు కట్టినట్టు ఉన్నా అసలు ఎత్తు రెండు రూపాయలే. ఆ విదేశీ సరుకు విలువను తక్కువ చేసి చూపించినా, తప్పు నెంబరుతో సుంకం ఎగ్గొట్టినా ఆ రెండు రూపాయలూ పోతాయి.

ఊరి కమ్మరి పరిస్థితి ఇంకా కష్టం. పాత లారీ పట్టీలు, తుక్కు ఇనుము కొని సాగగొడతాడు. అమ్మకాలు తక్కువ కనుక జి.ఎస్.టి. నమోదు అవసరం ఉండదు. కానీ తాను కొన్న ఇనుములో, బొగ్గులో ఉన్న పన్ను మాత్రం తప్పదు. అయినా మొక్కబోయిన పారకు కొత్త అంచు అతికించి, మన నేలకు తగ్గట్టు వంపు సరిచేసి ఇచ్చేది అతనే. విదేశీ పార ఒక్క కొలతలోనే వస్తుంది. నల్లరేగడికీ, ఎర్రచెలకకూ, గోదావరి మాగాణికీ ఒకే పార సరిపోదన్నది రైతుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ధర చూసేటప్పుడు మరమ్మతు ఎవరు చేస్తారన్నది కూడా చూసుకోవాలి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

1. బిల్లు అడిగి తీసుకోండి. 200 రూపాయల లోపు కొన్నా, అడిగితే ఇవ్వాల్సిందే.

2. బిల్లుపై నెంబరు ఉందేమో చూడండి. చిన్న దుకాణదారు మామూలు కొనుగోలుదారుకిచ్చే బిల్లుపై నెంబరు వేయకపోవచ్చు. అప్పుడు నోటితో అడగండి.

3. పార, పికాసు, కొడవలి, గొడ్డలి, మచ్చుకత్తి, చేతి సికేచర్ - వీటికి పన్ను వేస్తే 'ఇది 8201 కదా, పన్ను ఎందుకు?' అని అడగండి. 350 రూపాయల పారకు 18 శాతం అంటే 63 రూపాయలు. పన్ను లేని సరుకుకు దుకాణదారు 'బిల్ ఆఫ్ సప్లై' అనే బిల్లు ఇవ్వాలి. అందులో పన్ను గడి ఉండదు.

4. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న దుకాణదారు ఏ సరుకుపైనా కొనేవారి దగ్గర విడిగా పన్ను వసూలు చేయకూడదు. ఆ మాట అతని బిల్లుపైనే రాసి ఉంటుంది.

5. పెట్టెలో కలిపి అమ్మే సెట్ల దగ్గర జాగ్రత్త. 400 రూపాయల సికేచర్, 200 రూపాయల చాకు విడివిడిగా కొంటే 18 శాతం చొప్పున చాకుకే 36 రూపాయల పన్ను. రెండూ ఒకే పెట్టెలో, ఒకే ధరకు అమ్మితే ఎక్కువ రేటు మొత్తానికీ పడుతుంది. అప్పుడు పన్ను 108 రూపాయలు. 72 రూపాయలు ఊరికే పోతాయి.

6. బ్యాటరీ కత్తెర కొనేటప్పుడు చేతి కత్తెర మాదిరి పన్ను ఉండదనుకోవద్దు. దానికి 8201 మినహాయింపు వర్తించదు. పన్నుతో కలిపి ఎంత అన్నది ముందే తేల్చుకోండి.

7. దిగుమతి సరుకు ప్యాకెట్‌పై దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, గరిష్ట చిల్లర ధర ఉండాలి. ఆ ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దానిపైన మళ్లీ పన్ను అడిగితే ఇవ్వక్కర్లేదు. ఈ వివరాలు లేని ప్యాకెట్ చవగ్గా వచ్చినా, రేపు స్ప్రింగు విరిగితే అడిగే నాథుడు ఉండడు.

8. దుకాణదారు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. బిల్లు చేతిలో ఉంటేనే మాట చెల్లుతుంది.

దుకాణదారులందరూ కావాలని పన్ను వేస్తారని కాదు. చాలామందికి ఇనుప సామాను మొత్తం ఒకే రేటు అనే అలవాటు. కంప్యూటర్‌లో ఒకసారి తప్పు నెంబరు ఎక్కితే ఏళ్ల తరబడి అదే బిల్లు వస్తుంది. ఒక రైతు అడిగితే ఆ తప్పు తర్వాత వచ్చే పదిమందికి కూడా సరవుతుంది.

విత్తనాల సంచిపై లేబుల్ చదవడం, ఎరువుల బస్తాపై ధర చూడడం రైతులు నేర్చుకున్నారు. అలాగే పనిముట్ల బిల్లుపై నాలుగంకెలు చదవడం కూడా అలవాటు చేసుకోవాలి. గుర్తుంచుకోవాల్సిన నెంబరు ఒక్కటే: 8201.